నందపురం గద్దె కథలు రెండూ ఉండాలి

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా నందపురం చూసి వచ్చిన పిల్లలు ఇంట్లో అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ ముప్పై రెండు మెట్ల సింహాసనం నిజంగా విక్రమార్కుడిదేనా? పెద్దవాళ్లు కొందరు అవునంటారు, కొందరు కాదంటారు, మిగతావాళ్లు ఫోన్ తీస్తారు. ఫోన్‌లో దొరికే కథలో విక్రమార్కుడు, జయపురం రాజులు, కాశీ విశ్వనాథుడు, పూరీ గజపతులు అందరూ కలగాపులగంగా ఉంటారు. ఏ మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఉండదు. కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్లం రోజూ ఈ కథల మధ్యే తిరుగుతున్నాం కాబట్టి ఈ సంగతి మాట్లాడాలనిపించింది.

ముందు నందపురంలో మొదలై తర్వాత జయపురానికి మారిన రాజవంశపు మూలపురుషుడు వినాయక దేవ్ సంగతి చూద్దాం. జయపురం రాజకుటుంబం చెప్పుకున్న కథ ప్రకారం ఆయన సూర్యవంశీయుడు, పూర్వీకులు కాశ్మీర ప్రాంతం వాళ్లు. కాశీలో నిద్రపోతుంటే దేవుడు కలలో కనిపించి నందపురం వెళ్లమన్నాడు. అక్కడ శిలావంశపు రాజుకు కొడుకులు లేరు. కూతురినిచ్చి పెళ్లి చేశాడు, రాజ్యం అప్పగించాడు. ఇది 15వ శతాబ్దపు మాట. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో ఈ కథ ఉంది. ఎందుకంటే అప్పట్లో నందపురం, జయపురం విశాఖ జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాకే వాటికీ విశాఖకూ మధ్య సరిహద్దు వచ్చింది.

బ్రిటిష్ కాలపు మరికొన్ని రాతలు ఇంకోలా చెబుతాయి. వాటిలో వినాయక దేవ్ చంద్రవంశీయుడు. ఆయన పెళ్లాడింది ఒడిశాను ఏలిన గజపతి రాజు కూతురిని, ఈ సీమ దక్కింది అరణంగా, అంటే పెళ్లిలో ఇచ్చిన కానుకగా. ఒకే మనిషి, ఒకే గద్దె. వంశం వేరు, మామగారు వేరు.

ఈ తేడాను పొరపాటని కొట్టేయకూడదని మా అభిప్రాయం. కల కథ నమ్మితే నందపురం రాజు గజపతికి ఏమీ బాకీ లేడు. గద్దె ఇచ్చింది దేవుడు, ఆ తర్వాత పాత రాజు. అరణం కథ నమ్మితే ఆయన ఎప్పటికీ గజపతి అల్లుడే, పైవాడి మాట వినాల్సినవాడే. కప్పం ఎవరు ఎవరికి కట్టాలన్న లెక్క ఈ రెండు కథల అడుగున ఉందని మేం అనుకుంటున్నాం. కుటుంబ కథనంలోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. కొత్త రాజు మీద జనం తిరగబడ్డారట. పదివేల ఎద్దుల మీద సరుకు మోయించే వర్తకుల నాయకుడు ఒకడు సాయం చేస్తేనే గద్దె నిలిచిందట. దేవుడు కలలో చెప్పాక కూడా ఎద్దుల వర్తకుడి దళం కావాల్సి వచ్చిందన్నమాట. ఆ మాట దాచుకోకుండా చెప్పిన పాతవాళ్లను మెచ్చుకోవాలి.

ఇది నందపురానికే పరిమితం కాదు. 1434 ప్రాంతంలో కటకంలో గద్దెకెక్కిన కపిలేంద్ర గజపతి గురించి పూరీ ఆలయ చరిత్ర అయిన మాదళా పాంజి ఏం చెబుతుంది? పశువులు కాసుకునే కుర్రాడు ఎండలో నిద్రపోతుంటే పాము పడగ పట్టింది, జగన్నాథుడి ఆజ్ఞతో రాజయ్యాడు. మన గోదావరి పక్కన రాజమహేంద్రవరాన్ని ఏలిన ఆయన బంధువు రఘుదేవుడి రాగిరేకుల్లో మాత్రం కపిలేంద్రుడి తాత నాయకుడు, తండ్రి ఏనుగులున్న గొప్పవాడు. పశువుల కాపరి ఊసే లేదు. గంగవంశపు చివరి రాజు నాలుగో భానుదేవుడు దక్షిణాన దండయాత్రలో ఉండగా కపిలేంద్రుడు గద్దె తీసుకున్నాడని చరిత్రకారులు రాశారు. అలా తీసుకున్నవాడికి పాము పడగ అవసరం పడుతుంది. భువనేశ్వర్ లింగరాజ ఆలయంలో ఆయన వేయించిన శాసనం చదివితే ఇంకా తేటగా తెలుస్తుంది. తనకు ఎదురు తిరిగే సామంతులను వెళ్లగొట్టి ఆస్తి లాక్కుంటానని అందులో హెచ్చరించాడు.

ఆయన తర్వాతా అంతే. యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న పెద్ద కొడుకు హంవీరుడు ఉండగా పురుషోత్తముడికి గద్దె దక్కింది. జగన్నాథుడే ఎంచుకున్నాడని ఆలయ కథ. హంవీరుడు ఒప్పుకోలేదు, అన్నదమ్ములు కొట్టుకున్నారు.

మళ్లీ నందపురం వద్దాం. వినాయక దేవ్ తర్వాత వరసగా ఆరుగురు రాజులకు ఒక్కొక్క కొడుకే పుట్టాడట. ఒక్క దీపం మీద వంశం నిలబడటం ఎంత టెన్షన్‌గా ఉంటుందో, పిల్లల కోసం మొక్కులు మొక్కిన ఏ ఇంటివాళ్లకైనా తెలుసు. 17వ శతాబ్దంలో ఏలిన వీర విక్రమ దేవ్ ఆ చోటు కలిసిరాలేదనుకుని జ్యోతిష్కులను అడిగాడు. వాళ్లు చూపించిన నేల మీద వెలిసిందే జయపురం. ఇదీ కుటుంబం చెప్పిన మాటే. భయం నిజం, ఊరు నిజం. రెండింటినీ కలిపింది నమ్మకం.

ఇక విక్రమార్కుడు. తెలుగు ఇళ్లలో ఆ సింహాసనానికి మెట్ల కంటే బొమ్మలు ముఖ్యం. ముప్పై రెండు సాలభంజికలు భోజరాజును ఒక్కో అడుగు దగ్గర ఆపి, ఆయన అంత దానం నువ్వు చేయగలవా అని అడుగుతాయి. నువ్వు ఎవరి కొడుకువని ఒక్క బొమ్మా అడగదు. ఇది పూర్తిగా ఊహాలోకపు కథ. అయినా ఇక్కడి రాజుల కథలన్నిటికంటే సూటిగా వారసత్వం గురించి అడగాల్సింది అదే అడిగింది. అందుకే నందపురం రాళ్లు విక్రమార్కుడివి కావని పిల్లలకు చెప్పేటప్పుడు, ఆ కథ వట్టిదని మాత్రం అనకండి. ఆ పేరు అక్కడ ఎందుకు అంటుకుందో చెప్పండి.

రాయగడ అమ్మవారిని మనం మజ్జిగౌరమ్మ అంటాం, ఒడియావాళ్లు మాఝిఘరియాణి అంటారు, అంటే నడిమింటి తల్లి. ఎవరి పేరూ ఎవరూ చెరిపేయలేదు. గుడికి వచ్చే జనంలో రెండు భాషలూ వినిపిస్తాయి. రాజుల కథల విషయంలోనూ అదే జరగాలని అడుగుతున్నాం.

నందపురంలో సింహాసనం పక్కన వివరమైన బోర్డు పెట్టాలి. అందులో కాశీ కల, అరణం కథ రెండూ ఉండాలి. ఏది కుటుంబం చెప్పింది, ఏది దొరల పుస్తకంలోది, ఏది ఊళ్లో వినికిడి అన్నది స్పష్టంగా రాయాలి. ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన జయపురం మహారాజు విక్రమ దేవ వర్మ పేరుతో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్స్ కాలేజీయే ఉంది. ఆయన వంశం మొదలైన ఊళ్లో రెండు భాషల బోర్డు అడగడం పెద్ద కోరిక కాదు.

ఆ బోర్డు మీద ఇంకొంచెం ఖాళీ కూడా వదలాలి. కొత్త రాజు మీద తిరగబడిన జనం ఎవరు, ఎందుకు తిరగబడ్డారు అన్నది పై రెండు కథల్లోనూ లేదు. కొండల మీది పరజా, గదబ గిరిజనుల ఊళ్లలో ముసలివాళ్ల నోట ఆ కథ ఏ రూపంలోనైనా మిగిలి ఉంటే, వాళ్ల భాషలోనే రికార్డు చేయించే పని జయపురం, కోరాపుట్ కాలేజీల విద్యార్థులు ఈ ఏడాదే మొదలుపెట్టాలి. వాళ్లు పంపినవాటిని అచ్చు వేయడానికి మా పేజీల్లో చోటు ఉంటుంది.