గుణింతం దగ్గర ఆగిపోతున్న పిల్లలు

మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి వాచకం ఇస్తే ఎంతమంది చదవగలరు? పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే ‘అసర్’ సర్వే 2018లో తేల్చిన లెక్క ఇది: ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం, తెలంగాణలో 18.1 శాతం. సర్కారు, ప్రైవేటు బడులు రెండూ కలిపి. నాలుగేళ్ల తర్వాత, కరోనా దెబ్బ తగిలాక, ఆ అంకెలు 10.3కు, 5.2కు పడిపోయాయి. బడులు మూతపడినందువల్ల జరిగిన నష్టాన్ని ఎవరూ కాదనరు. కానీ బడులు యథావిధిగా నడిచిన 2018లోనే ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు ఆ పుస్తకం చదవలేకపోయారు. ఆ బాకీని కరోనా ఖాతాలో రాయడం కుదరదు. 2024 సర్వే నాటికి దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఆ పుస్తకం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లోని 16.3 శాతం నుంచి 23.4 శాతానికి పెరిగారు. మెరుగుదల నిజమే. నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారన్నదీ అంతే నిజం.

‘ఇంట్లో చదివించేవాళ్లు లేరు’ అన్న మాట స్టాఫ్ రూముల్లో తరచూ వినిపిస్తుంది. ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లల కోసమే కదా ప్రభుత్వం బడి పెట్టింది! పైగా తెలుగు లిపి పిల్లల పక్షాన ఉంది. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరం ఒక్కో మాటలో ఒక్కో రకంగా పలుకుతుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం. అక్షరానికీ ధ్వనికీ ఉన్న ముడి ఒకసారి పట్టుబడితే, అర్థం తెలియని మాటను కూడా పిల్లలు పలకగలరు. అలాంటి లిపి ఉండి కూడా అయిదో తరగతికి వచ్చిన పిల్లలు కూడబలుక్కుంటున్నారంటే లోపం మనం నేర్పే తీరులో ఉందని ఒప్పుకోవాలి.

చిక్కు ఎక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనలు అక్కర్లేదు. వెనకబడ్డ పిల్లవాడిని పిలిచి గ గుణింతం చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. నల్లబల్ల మీద ‘గే’ ఒక్కటే రాసి ఇదేమిటని అడిగితే మాత్రం గ, గా, గి, గీ అంటూ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. పాట వచ్చింది, అక్షరం రాలేదు. ‘గేదె’ అన్న మాట పక్కన బొమ్మ ఉంటే కొన్ని ఊళ్లలో ‘బర్రె’ అని చదివేస్తారు. ఆ పిల్లలు చదువుతున్నది బొమ్మను. తరగతి మొత్తం ఒక్క గొంతుతో పాఠం వల్లె వేస్తున్నప్పుడు ఇది బయటపడదు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని వింటేనే తెలుస్తుంది.

మన లిపి నిజాయతీ గలదే గాని చిన్నది కాదు. ముప్పయికి పైగా ఉన్న హల్లుల్లో ప్రతిదానికీ డజను గుణింత రూపాలు వేసుకున్నా, వత్తులు మొదలు కాకముందే పిల్లల కంటికి నాలుగు వందల దాకా ఆకారాలు ఆనాలి. తెలుగుకు తోబుట్టువైన కన్నడ లిపిలో పిల్లల చదువును పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలు పూర్తిగా పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పడుతోందని చూపింది. మనమేమో ఒకటో తరగతిలో అక్షరాలు ‘అయిపోయాయి’ అనుకుని ముందుకు సాగిపోతాం. రెండో తరగతి వాచకం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. అక్కడ జారిన పిల్లలకు మళ్లీ అక్షరాలు చెప్పే పీరియడు పై తరగతుల్లో ఎక్కడా ఉండదు.

లిపిలోని మెలికలను కూడా విప్పి చెప్పడం లేదు. క, గ, త లకు కొమ్ము పక్కన చేరుతుంది. ప, వ ల దగ్గర కిందికి దిగుతుంది, ఎందుకంటే వ పక్కన కొమ్ము పెడితే అది మ లాగా కనిపిస్తుంది. ముద్రణలో క్రావడి (ర వత్తు) హల్లుకు ఎడమ పక్క నుంచి మొదలవుతుంది, పలకడం మాత్రం హల్లు తర్వాతే. త, న, మ, య, ర, ల వత్తులకు తమ హల్లు పోలికే ఉండదు. చురుకైన పిల్లలు వీటిని తమంతట తామే కనిపెడతారు. మిగిలినవాళ్లకు ఎవరో ఒకరు వేలుపెట్టి చూపించాలి. అయిదు నిమిషాల్లో చెప్పగల సంగతి చెప్పకపోవడం వల్ల పిల్లలు నెలల తరబడి అక్కడే తడుముకుంటున్నారు.

మన వాచకాలు బొమ్మ నుంచి పదానికి, పదం నుంచి అక్షరానికి నడిపిస్తాయి. ఇష్టంగా నేర్చుకోవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ వెనకబడ్డ పిల్లలకు పదాన్ని విడదీయడం కంటే ధ్వనులను కలపడం ముందు నేర్పాలి. క, త, న, ప, మ, ర, ల అనే ఏడు హల్లులు, దీర్ఘం, గుడి, కొమ్ము అనే మూడు గుర్తులు తీసుకోండి. వీటితోనే పాము, కాకి, పులి, తలుపు, నాలుక అన్నీ వస్తాయి. నేర్చుకున్న మొదటి వారంలోనే పిల్లలు సొంతంగా మాటలు చదవగలుగుతారు. వాళ్ల ధైర్యానికి అదే మందు. ఙ, ఞ ల కోసం వర్ణమాల వరుస పట్టుకుని ఎదురుచూడాల్సిన పని లేదు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో తేల్చిందీ ఇదే: ధ్వనులకూ అక్షరాలకూ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో నేర్పితే, ముఖ్యంగా తొలి తరగతుల్లో, చదవడం మెరుగవుతుంది.

పిల్లలు నిజంగా చదువుతున్నారో, కంఠతా చెబుతున్నారో తేల్చుకోవడానికి ఇంగ్లండ్ 2012లో ఒక పరీక్ష పెట్టింది. ఒకటో ఏడాది పిల్లల చేత టీచరు విడివిడిగా 40 మాటలు చదివిస్తారు. అందులో సగం అర్థం లేని మాటలు. నిర్ణీత స్థాయి అందుకున్నవారు తొలి ఏడాది 58 శాతం, 2019 నాటికి 82 శాతం. ఆ పరీక్ష కోసమే తోమడం ఎక్కువైందన్న విమర్శ అక్కడ ఉంది, అందులో న్యాయమూ ఉంది. ధ్వనులు కలపడం వచ్చినంత మాత్రాన అర్థం దానంతటదే రాదు, కథలు వినిపించడం, మాట్లాడించడం పక్కనే సాగాలి. అయినా ఆ ఉపాయం మన టీచర్లకు పైసా ఖర్చు లేకుండా పనికొస్తుంది. ‘పులి’ చదివిన పాపకు ‘లుపి’ రాసి చూపండి. ఆగకుండా చదివితే ముడి పడినట్టే.

ఇక స్థాయిని బట్టి బోధన. వడోదర, ముంబయి నగరాల్లో 2001 నుంచి 2004 వరకు ‘ప్రథమ్’ సంస్థ స్థానిక యువతులతో వెనకబడ్డ పిల్లలకు రోజుకు రెండు గంటలు విడిగా చెప్పించింది. పిల్లలు ముందుకు వచ్చారని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో బృందం కొలిచి చూపింది. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది కాక, ఏ మెట్టు మీద ఉన్నాడన్నది చూడాలన్నదే ఆ పద్ధతి సారం. ఇది మన రాష్ట్రాలకు కొత్త కాదు. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడటానికి కేంద్రం 2021లో ‘నిపుణ్ భారత్’ తెచ్చి 2026-27 గడువు పెట్టింది. అదే దారిలో తెలంగాణ 2022లో ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. కార్యక్రమాలకు కొరత లేదు, టీచరుకు వేళ దొరకడమే లేదు. ఒకే టీచరు అయిదు తరగతులు చూసుకునే బడిలో హాజరు యాప్, భోజనం వివరాలు, ఫొటోలు, నివేదికలు పోగా ఒక్కో పిల్లను కూర్చోబెట్టి వినే సమయం ఎక్కడిది? సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగే తనిఖీ అధికారి, ఆ మూల కూర్చున్న పాప ఏ అక్షరం దగ్గర ఆగిందని అడగడం అరుదు.

నిమిషానికి ఇన్ని మాటలు చదవాలన్న కొలమానాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. ‘చదువుకుంటున్నారు’ మనకు ఒకే మాట, హిందీలో అదే ‘పఢ్ రహే హైఁ’ అని మూడు మాటలు. హిందీ పిల్లలకు వేసే లెక్క మన పిల్లలకు సరిపోదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో 86 వేల మంది మూడో తరగతి పిల్లల చేత చదివించి భాషలవారీగా ప్రమాణాలు తేల్చింది. బడుల్లో వాడాల్సింది ఆ తెలుగు ప్రమాణాన్నే. గోండి, కోయ, లంబాడీ, సవర మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు చదవాల్సిన మాటలే కొత్త. వారి భాష తెలిసిన మనిషి తరగతిలో ఉండటం వారి హక్కు. ఎంత నేర్పినా అక్షరాలు నిలవని పిల్లల్లో కొందరికి డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉండవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. మొద్దు అన్న ముద్ర వేసే ముందు వారిని పరీక్ష చేయించాలి.

రెండు ప్రభుత్వాలనూ ఈ పత్రిక కోరేది ఇది. ఒకటి నుంచి అయిదు దాకా ప్రతి తరగతిలో రోజూ మొదటి గంట చదవడానికే కేటాయించాలి. ఆ గంటలో టీచరును ఏ యాప్, ఏ ఫోన్ కాల్, ఏ సమావేశం కదిలించకూడదు. ఏటా మూడుసార్లు ప్రతి పిల్ల చేతా విడిగా చదివించి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తల్లిదండ్రులకు చెప్పాలి. ఏకోపాధ్యాయ బడులకు ఆ గంట కోసం ఊళ్లో చదువుకున్న యువతినో యువకుడినో గౌరవవేతనం ఇచ్చి నియమించాలి. నాలుగు, అయిదు తరగతుల్లో అక్షరాల దగ్గరే ఉన్నవారి జాబితా మండలాలవారీగా వచ్చే జూన్‌లోనే సిద్ధం చేయాలి. ఆరో తరగతిలో చేరేలోపు వాళ్లు తమ పుస్తకం తాము చదువుకునేలా చూసే పూచీ పేరు పేరునా ఒక అధికారి మీద పెట్టాలి.