ఆరు టేబుళ్లు, అరవై నాలుగు ఎంట్రీలు: బెంగళూరు పూల్ టోర్నీల అసలు చిక్కు

బెంగళూరులో శని, ఆదివారాల్లో జరిగే పూల్ (టేబుల్ మీద బంతులను క్యూ కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట) టోర్నీల గురించి ఆటగాళ్లను కదిలిస్తే రిఫరీ తప్పుల మాట అరుదుగా వస్తుంది. ప్రైజ్ డబ్బు చాలలేదన్న మాట కొంత వస్తుంది. అందరి నోటా వచ్చేది మాత్రం ఒకటే. పొద్దున పదింటికి రమ్మన్నారు, మూడయినా పేరు పిలవలేదు; పిలిచాక వరసగా మూడు మ్యాచ్‌లు ఆడించారు; ఫైనల్ అర్ధరాత్రి దాటాక పెట్టారు. నిర్వాహకులను అడిగితే ట్రాఫిక్ అంటారు, ఆటగాళ్లు టైముకు రారంటారు, ఫలానా ఇద్దరూ మరీ నెమ్మదిగా ఆడారంటారు. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ టోర్నీ ఆలస్యమవుతుందన్నది శనివారం పొద్దున తేలే సంగతి కాదు. ఎంట్రీలు ఎన్ని తీసుకోవాలో నిర్ణయించిన రోజే అది ఖాయమైపోతుంది.

లెక్క చూద్దాం. మారతహళ్లి, బీటీఎం, కోరమంగళ వైపు కాస్త పెద్ద పార్లర్ అంటే ఆరు పూల్ టేబుళ్లు అనుకుందాం. నైన్ బాల్, అంటే తొమ్మిది బంతులతో ఆడే పూల్. రేస్ టు సెవెన్, అంటే ముందుగా ఏడు ర్యాకులు (బంతులు పేర్చి ఆడే ఒక్కో ఆట ఒక ర్యాకు) గెలిచినవాళ్లది మ్యాచ్. ఒక్కో ర్యాకుకు ఏడు నిమిషాలు వేసుకుంటే, ఏడు–సున్నాతో ముగిసే మ్యాచ్‌కు ముప్పావు గంట పైచిలుకు, ఏడు–ఆరుతో ముగిసే మ్యాచ్‌కు గంటన్నర. పిలవడం, టేబుల్ తుడవడం, లాగ్ చేయడం (మొదటి షాట్ ఎవరిదో తేల్చుకోవడం) అన్నీ కలిపి సగటున 75 నిమిషాలు. 64 మంది, డబుల్ ఎలిమినేషన్, అంటే రెండుసార్లు ఓడితేనే బయటికి; ఒకసారి ఓడినవాళ్లు ఓటమి వైపు, ఇంకా ఓడనివాళ్లు గెలుపు వైపు ఆడతారు. విజేత తప్ప ప్రతి ఒక్కరూ రెండుసార్లు ఓడాలి కాబట్టి మొత్తం 126 మ్యాచ్‌లు. గెలుపు వైపు నుంచి వచ్చినవాడు ఫైనల్లో మొదటిసారి ఓడితే ఇంకొకటి. 126 మ్యాచ్‌లను ఆరు టేబుళ్ల మీద పరిస్తే 26 గంటల పైచిలుకు వస్తుంది. రోజుకు పదమూడు గంటల చొప్పున రెండు రోజులు. కాగితం మీద సరిగ్గా సరిపోయినట్టే ఉంది. చాలామంది నిర్వాహకులు ఇక్కడితో ఆగిపోయి పోస్టర్ వేసేస్తారు.

ఇక్కడే మోసపోతారు. డబుల్ ఎలిమినేషన్లో మ్యాచ్‌లన్నీ ఒకేసారి సిద్ధంగా ఉండవు, ఒకటి తేలితేగానీ మరొకటి మొదలవదు. ఓటమి వైపు చివరి రౌండ్లు చూడండి: నాలుగు మ్యాచ్‌లు, మళ్లీ నాలుగు, తర్వాత రెండు, మళ్లీ రెండు, ఒకటి, మరొకటి, ఆపైన ఫైనల్. మొత్తం పదిహేనే మ్యాచ్‌లు. ఆరు టేబుళ్లున్నా, అరవై ఉన్నా వీటికి ఏడు దఫాలు పడతాయి. దఫాకు 75 నిమిషాలంటే దాదాపు తొమ్మిది గంటలు. గెలుపు వైపు మిగిలిన మ్యాచ్‌లను పక్క టేబుళ్ల మీద సర్దేసినా మొత్తం టోర్నీ ముప్పై గంటలు దాటుతుంది. శనివారం మధ్యాహ్నం ఒక్క టేబుల్ ఖాళీ లేక యాభై మంది నిలబడి ఉంటారు. ఆదివారం రాత్రి అయిదు టేబుళ్లు ఖాళీగా పడి ఉండగా ఒక్క టేబుల్ మీద ఇద్దరు నిద్రమొహాలతో ఆడుతుంటారు. టేబుళ్లు చాలకపోవడం, టేబుళ్లు వృథా కావడం రెండూ ఒకే టోర్నీలో జరుగుతాయి.

ఇక ఎంట్రీలు 64 రాకుండా 41 వచ్చాయనుకోండి. డ్రా 64కే గీయాలి. 23 మందికి మొదటి రౌండ్లో బై, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు. బై వచ్చినవాళ్లు ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పరు, అందరినీ పదింటికే రమ్మంటారు. శుక్రవారం రాత్రితో ఎంట్రీలు మూశామని చెప్పి శనివారం పొద్దున తలుపు దగ్గర మరో ఇద్దరి దగ్గర డబ్బు తీసుకుని డ్రా మళ్లీ తీస్తారు. దాంతో దూరం నుంచి బయల్దేరినవాళ్లకు ముందు రోజు చెప్పిన టైములన్నీ చెల్లవు. క్యూస్కోర్, చాలంజ్ లాంటి యాప్‌లు చక్కగా డ్రా గీసిస్తాయి, స్కోర్లు ఫోన్లో చూపిస్తాయి. కానీ లేని టేబుల్ గంటలను యాప్ పుట్టించలేదు. గోడ మీద మార్కర్‌తో గీసే చార్టులో ఉన్న చిక్కే ఫోన్లోకి మారుతుంది, అంతే.

ఈ చార్టు కింద ఒక ఆదివారం రాత్రి నేను చూసింది చెప్పాలి. మారతహళ్లి వైపు ఒక పార్లర్. అనంతపురం నుంచి ఆడటానికి వచ్చిన కుర్రాడు ఓటమి వైపు నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ చివరి ఆరుగురిలోకి వచ్చాడు. క్యూ కేసు భుజాన వేసుకుని చార్టు దగ్గరికి వెళ్లడం, వచ్చి కూర్చోవడం, మళ్లీ వెళ్లడం. "అన్నా, నన్ను ఎప్పుడు పిలుస్తావు? పదిన్నరకు మెజెస్టిక్‌లో బండి ఉంది." "ఉండు తమ్ముడూ, ఆరో టేబుల్ అయిపోతానే నీదే." ఆరో టేబుల్ మీద స్కోరు అయిదు–అయిదు. మారతహళ్లి నుంచి మెజెస్టిక్ చేరడానికి గంట పైనే పడుతుంది. ఆ ఇద్దరూ సేఫ్టీ మీద సేఫ్టీ (ఎదుటివాడికి తేలిక షాట్ దొరకనివ్వని ఆట) ఆడుతున్నారు, అది వాళ్ల హక్కు. తొమ్మిదిన్నర దాటాక కుర్రాడు ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. చార్టులో అతని పేరు పక్కన వాకోవర్ అని రాశారు. అక్కడ ఉన్నవాళ్లలో బాగా ఆడుతున్నవాళ్లలో అతనొకడు. ఆ రెండో ఓటమి అతనికి ఆటలో రాలేదు.

అందుకే షెడ్యూల్‌ను సౌకర్యం విషయంగా చూడటం నాకు అంగీకారం కాదు. ఫౌల్ నియమం ఎంత ముఖ్యమో మ్యాచ్ టైమూ అంతే ముఖ్యం. నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని చేయి బిగుసుకుపోయినవాడిని, ఇప్పుడే గెలిచి టేబుల్ వేగం చేతికి పట్టినవాడి ముందుకు తోస్తే అది సమానమైన పోటీ కాదు. ఒకే రోజు ఆరేడు మ్యాచ్‌లు వరసగా ఆడి ఫైనల్‌కు వచ్చినవాడిని, మధ్యాహ్నం నుంచి విశ్రాంతిగా ఉన్నవాడితో రాత్రి ఒంటిగంటకు ఆడించి 'ఆట అంటే ఇంతే' అనడం కూడా న్యాయం కాదు. టేబుళ్ల సంగతీ ఇందులోదే. ఒకదానికి కొత్త క్లాత్ ఉంటుంది, ఇంకొకదానిది అరిగిపోయి ఉంటుంది. వానాకాలం తేమకు క్లాత్ బరువెక్కి బంతి నెమ్మదిస్తుంది, కుషన్ తీరు మారుతుంది. ఏ టేబుల్ ముందు ఖాళీ అయితే దానికి పిలిచే పద్ధతిలో ఒకడికి రోజంతా మంచి టేబులే దొరుకుతుంది, ఇంకొకడికి ప్రతి మ్యాచ్‌కూ కొత్త టేబుల్ అర్థం చేసుకోవడమే పని. ఏ మ్యాచ్ ఏ టేబుల్ మీదో డ్రాతో పాటే రాసేస్తే ఈ గొడవ సగం పోతుంది.

మరి నిర్వాహకులు ఎందుకు ఇన్ని ఎంట్రీలు తీసుకుంటారు? అత్యాశ అని తేల్చేయడం తేలిక, కానీ అది వాళ్లకు అన్యాయం. పార్లర్‌కు గంట అద్దె మీదే బతుకు, అందులోనూ శని, ఆదివారాల సాయంత్రాలే అసలు సంపాదన. టేబుల్ గంటకు 300 రూపాయలు అనుకుంటే, 126 మ్యాచ్‌లకు పట్టే దాదాపు 157 టేబుల్ గంటల విలువ 47 వేలు. ఎంట్రీ ఫీజు వెయ్యి చొప్పున 64 మంది కట్టింది 64 వేలు. పార్లర్ వదులుకున్న అద్దె తీసేస్తే ప్రైజ్‌కు మిగిలేది 17 వేలు. స్పాన్సర్ లేకపోతే అంతే. పోస్టర్ మీద ఆ అంకె చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ఇంకో పదహారు మందిని కలుపుకుందాం అనిపిస్తుంది. ప్రైజ్ పెద్దగా కనిపించాలంటే ఎంట్రీలు పెరగాలి, ఎంట్రీలు పెరిగితే గంటలు పెరుగుతాయి, గంటలు పెరిగితే అద్దె నష్టం పెరుగుతుంది. పోస్టర్ మీద అంకె ఒక్కటే ఎదుగుతుంది.

దీన్ని తిరగేసి చూడండి. 32 మందినే తీసుకుందాం. చివరి ఎనిమిది మంది తేలేదాకా డబుల్ ఎలిమినేషన్, అక్కడి నుంచి ఓడితే ఇంటికి. మొత్తం 59 మ్యాచ్‌లు. ఒక రౌండ్ పూర్తిగా ముగిశాకే తర్వాతిది మొదలుపెట్టినా పదమూడు దఫాలు, అంటే పదహారు గంటల పైచిలుకు. శనివారం ఎనిమిది దఫాలు, పొద్దున పదింటికి మొదలుపెడితే రాత్రి ఎనిమిదింటికి ముగుస్తాయి. ఆదివారానికి మిగిలేవి అయిదు దఫాలు. భోజనానికి గంట ఇచ్చినా సాయంత్రం ఆరింటికల్లా ఫైనల్ అయిపోతుంది. ఊరి నుంచి వచ్చినవాడికి బండి అందుతుంది. పార్లర్‌కు ఆదివారం రాత్రి మిగులుతుంది. డబ్బు లెక్కలో కూడా ఇది ఓడదు: దాదాపు 74 టేబుల్ గంటలకు 22 వేలు పోతే 32 వేల ఫీజులో ప్రైజ్‌కు పది వేల దాకా మిగులుతుంది. మొదటి బహుమతి చిన్నదవుతుంది, నిజమే. కానీ తలకు చూస్తే 64 మంది టోర్నీలో 260 రూపాయలు ప్రైజ్‌లోకి వెళ్తుంటే ఇందులో 300 దాటుతుంది.

రెండో అవకాశం తీసేస్తే ఆటగాళ్లు ఒప్పుకోరని అభ్యంతరం వస్తుంది. వెయ్యి రూపాయలు కట్టి, రెండు గంటలు ట్రాఫిక్‌లో వచ్చి, ఒక్క మ్యాచ్ ఓడి వెళ్లిపోవాలంటే ఎవరికైనా కష్టమే. అందుకే మొదటి రౌండ్లలో దాన్ని ఉంచమంటున్నాను. పోటీ పదునెక్కే చివరి దశలో అది ఎందుకు? ప్రపంచ స్థాయిలోనూ ఇదే పద్ధతి. బ్రిటన్‌కు చెందిన క్రీడా నిర్వహణ సంస్థ మ్యాచ్‌రూమ్ నిర్వహించే వరల్డ్ పూల్ చాంపియన్‌షిప్‌లో 128 మందితో మొదలై, 64 మంది మిగిలేదాకా డబుల్ ఎలిమినేషన్, ఆ తర్వాత నేరుగా నాకౌట్.

షాట్ క్లాక్ పెడితే సరిపోతుందన్న వాదన తరచూ వింటుంటాను. టీవీలో చూపే మ్యాచ్‌రూమ్ టోర్నీలలో షాట్‌కు 30 సెకన్లు, ర్యాకుకు ఒకసారి మరో 30 సెకన్ల అదనపు సమయం. చూడటానికి బాగుంటుంది. కానీ ప్రతి టేబుల్ పక్కన ఒక మనిషి నిలబడితేనే అది నడుస్తుంది. ఆరు టేబుళ్లకు ఆరుగురు, రెండు రోజులు. వాళ్లకిచ్చే డబ్బు మళ్లీ ప్రైజ్‌లోంచే పోవాలి. మరీ సాగిన మ్యాచ్‌కు మాత్రం గంట దాటాక క్లాక్ పెడతామని నియమావళిలో ముందే రాసుకుంటే చాలు. అంతకంటే ముఖ్యం, పిలిచిన పదిహేను నిమిషాల్లో టేబుల్ దగ్గర లేకపోతే మ్యాచ్ పోయినట్టేనన్న నియమం. అది చెల్లాలంటే నిర్వాహకుడు కూడా చెప్పిన టైముకే పిలవాలి. తను మూడు గంటలు ఆలస్యం చేసి ఆటగాడికి పదిహేను నిమిషాల గడువు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

పెద్ద టోర్నీలను టైముకు నడపడం ఈ ఊరికి తెలియని విద్య కాదు. 2014లో అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య (ఐబీఎస్‌ఎఫ్) ప్రపంచ స్నూకర్ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. పద్నాలుగేళ్ల చైనా కుర్రాడు యాన్ బింగ్‌టావ్ గెలిచాడు. గ్రూపు మ్యాచ్‌లు, తర్వాత నాకౌట్, అంతా ముందే అచ్చయిన వరసలో సాగింది. పంకజ్ అద్వానీ లాంటి ఆటగాడు ఎదిగిన ఊరు ఇది. ఆ క్రమశిక్షణ స్నూకర్, బిలియర్డ్స్ దగ్గరే ఆగిపోయింది, పూల్‌ను పార్లర్ల చేతికి వదిలేశారు. పార్లర్లకు ఉత్సాహం ఉంది, ఉమ్మడి క్యాలెండర్ లేదు. ఒకే వారాంతంలో రెండు చోట్ల టోర్నీలు పెట్టి ఉన్న ఆటగాళ్లనే పంచుకుంటారు. పై స్థాయిలోనూ ఈ జబ్బు ఉంది: 2024లో మ్యాచ్‌రూమ్‌కూ ప్రపంచ పూల్ సంఘానికీ పడక, ఎవరి టోర్నీలో ఆడితే ఎవరు వేటు వేస్తారోనని ఆటగాళ్లు బెంగపడాల్సి వచ్చింది. వాళ్ల తగాదా కోట్లది. మనది నాలుగు పార్లర్ల యజమానులు కూర్చుని టీ తాగుతూ తేల్చుకోగలిగింది.

తేదీలు ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి మరవకూడదు. వరసగా మూడు రోజులు సెలవులొస్తే టోర్నీకి అంతకంటే మంచి అదను లేదనుకుంటారు. కానీ ఇక్కడ ఆడేవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. సంక్రాంతికి, ఉగాదికి, దసరాకు వాళ్లు ఉండరు, మడివాళలో బస్సెక్కి ఉంటారు. ఫీజు కట్టి చివరి నిమిషంలో రానివాళ్ల బెడద ఆ వారాంతాల్లోనే ఎక్కువ. ఏ ప్రత్యేకతా లేని మామూలు వారాంతమే టోర్నీకి మేలు.

చివరగా మహిళల పోటీ. చిత్రా మగిమైరాజ్, విద్యా పిళ్లై లాంటి క్రీడాకారిణులు ఆడిన ఊర్లో పార్లర్ టోర్నీలలో మహిళల డ్రా అంటే మగవాళ్ల మ్యాచ్‌ల సందుల్లో ఇరికించే పనిగా మారింది. టేబుల్ ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు, అంటే తరచుగా రాత్రి పొద్దుపోయాక. ఆ వేళ ఇంటికి ఎలా వెళ్లాలన్నది ఎవరూ ఆలోచించరు, మరుసటి సారి ఆ అమ్మాయిలు రాకపోతే ఆసక్తి లేదంటారు. పైన చెప్పిన 32 మంది షెడ్యూల్‌లో ఆదివారం ఒక్కో దఫాకు నాలుగు మ్యాచ్‌లకు మించి లేవు, రెండు టేబుళ్లు పొద్దున్నుంచీ ఖాళీ. ఎనిమిది మంది మహిళలకు నాకౌట్ అంటే ఏడు మ్యాచ్‌లు. ఆ రెండు టేబుళ్ల మీద అయిదు గంటల్లో అయిపోతాయి. పదింటికి మొదలుపెడితే వాళ్ల ఫైనల్ మధ్యాహ్నం మూడింటికి, పగటి వెలుతురులో, జనం నిండుగా ఉన్నప్పుడే పూర్తవుతుంది. వచ్చే పోస్టర్ మీద ఈ టైము కూడా అచ్చు వేయండి.