కాంగో గనుల్లో కాటా ఎవరి చేతిలో ఉంది?

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం దక్షిణాన కొల్వేజీ అనే గనుల పట్టణం ఉంది. దాని శివార్లలోని ముసొంపో మార్కెట్‌కు, సొంతంగా గుంతలు తవ్వుకునే కూలీలు బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ లోహం ఉన్న రాయిని సంచుల్లో తెచ్చి అమ్ముతారు. కొనేవాళ్లలో ఎక్కువమంది చైనా వ్యాపారులు. రాయిలో కోబాల్ట్ ఎంత శాతం ఉందో చూపించే చిన్న యంత్రాన్ని అక్కడివాళ్లు 'మెటోరెక్స్' అంటారు. యంత్రమూ, కాటా కూడా కొనేవాళ్లవే. అది ఎంత చూపిస్తే అంతకే డబ్బులిస్తారు. ప్రాణాలకు తెగించి తవ్వినవాడికి ఆ లెక్క సరిచూసుకునే దారి లేదు. 2015లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అక్కడికి వెళ్లినప్పుడు కూలీలు చెప్పుకున్న గోడు ఇదే.

కాంగో ప్రభుత్వం చైనాతో కుదుర్చుకున్న అతిపెద్ద ఒప్పందాన్ని చదివితే దేశం కూడా ఆ కూలీ స్థానంలోనే నిలబడిందని అనిపిస్తుంది. చైనాది దోపిడీయా, అభివృద్ధా అని వాదించుకోవడంలో అసలు ప్రశ్న మరుగున పడిపోతోంది. గనిలోంచి ఎంత పోయింది, బదులుగా ఎంత వచ్చింది అనే లెక్క ఎవరు కట్టారన్నదే నా ప్రశ్న.

2008లో అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ కబీలా ప్రభుత్వం చైనా సంస్థలతో 900 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 600 కోట్లు రోడ్లు, ఆసుపత్రుల వంటి పనులకు, 300 కోట్లు గనికి. ఇది అప్పుల భారాన్ని పెంచుతుందని అంతర్జాతీయ ద్రవ్యనిధి పట్టుబట్టడంతో మరుసటి ఏడాది నిర్మాణ పనుల వాటాను 300 కోట్లకు కుదించారు. గని నడపడానికి సికోమిన్ అనే ఉమ్మడి కంపెనీ పుట్టింది. అందులో చైనా పక్షానికి 68 శాతం, కాంగో ప్రభుత్వ గనుల సంస్థ జెకామిన్‌కు 32 శాతం వాటాలు.

కబీలాను తప్పుపట్టే ముందు ఆనాటి పరిస్థితి కూడా చూడాలి. దేశం పెద్ద యుద్ధం నుంచి అప్పుడే బయటపడింది. ప్రపంచబ్యాంకు సలహాలతో 2002లో రాసిన గనుల చట్టం రాగి, కోబాల్ట్ మీద ప్రభుత్వానికి మిగిల్చిన రాయల్టీ, అంటే ఖనిజం తవ్వుకున్నందుకు కంపెనీలు కట్టే సొమ్ము, 2 శాతం. రోడ్లు వేయడానికి డబ్బు పెడతామని పాశ్చాత్య కంపెనీలేవీ ముందుకు రాలేదు. చైనా వచ్చింది. రాజధాని కిన్షాసాలో జూన్ 30 బులవార్డ్‌ను వెడల్పు చేసింది, పెద్ద ఆసుపత్రి కట్టింది. అవి కళ్లెదుట కనిపించే పనులు, వాటిని కాదనలేం.

తిరకాసంతా డబ్బు నడిచిన దారిలో ఉంది. చైనా ప్రభుత్వానికి చెందిన ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చే అప్పు కాంగో ఖజానాకు రాదు. రోడ్డు వేసే చైనా కాంట్రాక్టర్‌కు నేరుగా వెళుతుంది. ఆ అప్పును గని లాభాలతో తీర్చాలి. అది తీరేదాకా గనికి పన్నుల మినహాయింపు. రోడ్డు వేసే పెద్ద సంస్థలే గనిలోనూ వాటాదారులు. పోటీ టెండర్లు లేనప్పుడు కిలోమీటరు రోడ్డుకు ఎంత ఖర్చయిందో వేసినవాళ్లే చెబుతారు. గనిలో ఎంత లాభం వచ్చిందో కూడా ఆ పక్షమే చెబుతుంది. ఇచ్చిపుచ్చుకునే రెండు చోట్లా లెక్క ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు, రెండోవాళ్లు సంతకం పెట్టడం తప్ప చేసేదేముంటుంది?

చివరికి ఆ లెక్కను కాంగో వాళ్లే తీశారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. 2023 ఫిబ్రవరిలో జూల్ అలింజెటె నాయకత్వంలోని ప్రభుత్వ ఆర్థిక తనిఖీ విభాగం నివేదిక ఇచ్చింది. ఒప్పుకున్న 300 కోట్ల డాలర్లలో నిర్మాణ పనులకు ఖర్చు పెట్టింది 82.2 కోట్లేనని, చైనా సంస్థలకు మాత్రం అప్పటికే దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల ప్రయోజనం కలిగిందని అందులో తేల్చారు. నివేదిక నిండా పక్షపాతమేనని చైనా రాయబార కార్యాలయం కొట్టిపారేసింది. అయినా 2024 మార్చిలో ఒప్పందాన్ని తిరగరాశారు. నిర్మాణ పనుల మొత్తం 700 కోట్లకు పెరిగింది. కాంగోకు 1.2 శాతం రాయల్టీ, గనికి కరెంటు ఇచ్చే బుసాంగా జలవిద్యుత్ కేంద్రంలో 40 శాతం వాటా వచ్చాయి. పదిహేనేళ్ల బతిమాలుడు తేలేనిది ఒక ఆడిట్ తెచ్చింది.

అలాగని సంబరపడేంత గెలుపేమీ కాదు. 68–32 వాటాలు మారలేదు. రోడ్లకు ఏటా ఇచ్చే 32.4 కోట్ల డాలర్లను టన్ను రాగి ధర 8,000 డాలర్లకు పైన ఉండాలనే షరతుకు ముడిపెట్టారు. అంటే మార్కెట్ పడిపోతే ఆ దెబ్బ కాంగో జనానికే. ప్రపంచ కోబాల్ట్‌లో 70 శాతానికి పైగా తవ్వే దేశంలో, నలుగురిలో దాదాపు ముగ్గురు కటిక పేదరికంలో ఉన్న దేశంలో ఇలాంటి షరతుకు ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాదు.

టెంకె ఫుంగురుమె అనే మరో రాగి, కోబాల్ట్ గని విషయంలో కాంగో ఇంకాస్త గట్టిగా నిలబడింది. చైనా కంపెనీ సీఎంఓసీ ఖనిజ నిల్వలను తక్కువ చేసి చూపించిందని జెకామిన్ ఆరోపించింది, కంపెనీ ఒప్పుకోలేదు. 2022 జులై నుంచి ఎగుమతులు ఆగిపోయాయి. 2023లో 80 కోట్ల డాలర్లు చెల్లించడానికి కంపెనీ దిగొచ్చింది. తన వాటా ఖనిజాన్ని తానే అమ్ముకునే హక్కు కూడా జెకామిన్‌కు దక్కింది. కొలత మీద మొదలైన గొడవ డబ్బులు రాల్చింది.

ఇప్పుడు అమెరికా కూడా రంగంలోకి దిగింది. 2025 డిసెంబరులో కిన్షాసా, వాషింగ్టన్ వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందం చేసుకున్నాయి. ఒకప్పుడు రోడ్ల కోసం ఖనిజం ఇచ్చిన దేశం, తూర్పున ఎం23 తిరుగుబాటుదారుల నుంచి రక్షణ దొరుకుతుందనే ఆశతో ఇప్పుడు దాన్నే ఎరగా చూపిస్తోంది. రోడ్డునైతే టేపు పెట్టి కొలవొచ్చు. రక్షణ ఎంత అందిందో ఏ ఆడిటర్ లెక్క కడతాడు? అందుకే ఇది చైనా ఒప్పందం కంటే ప్రమాదకరమని నా భయం.

ఈ సంగతి మనకూ కొత్త కాదు. ఓబుళాపురం, బళ్లారి కొండల ఇనుప ఖనిజం ఓడలెక్కి చైనాకు పోయిన రోజుల్లో, రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయనే దాని మీదే ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఖనిజం వెళ్లిపోయాక గానీ కొలతలు మొదలు కాలేదు.

ఇప్పుడు భారత్ కూడా కొనేవాళ్ల వరుసలో ఉంది. కాంగో పొరుగున ఉన్న జాంబియాలో రాగి, కోబాల్ట్ అన్వేషణకు మన ప్రభుత్వం 9,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం పొందింది. అక్కడ తవ్వకం దాకా వస్తే ఒప్పందాన్ని మొదటి రోజే పూర్తిగా బయటపెట్టాలి. ఖనిజ పరీక్ష జాంబియా ప్రభుత్వ ల్యాబ్‌లో జరగాలి, పనులకు బహిరంగ టెండర్లు పిలవాలి. ఇవి జాంబియా అడిగేదాకా ఆగకుండా ఢిల్లీయే ముందుగా రాసివ్వాలి.