ఎర్రచందనానికి తుపాకీ కాపలా సరే, మిగతా అడవి సంగతేంటి?

శేషాచలం గురించి ఎప్పుడు న్యూస్ వచ్చినా ఎర్రచందనమే. దుంగలు పట్టుకున్నారు, వ్యాన్ సీజ్ చేశారు, కూలీలు పరార్, అంతే. 2015 ఏప్రిల్‌లో 20 మంది ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు దేశమంతా మన కొండల వైపు చూసింది, తర్వాత మళ్లీ మామూలే. స్మగ్లర్లని పట్టుకునే టాస్క్‌ఫోర్స్ వద్దని నేను అనట్లేదు, కాపలా లేకపోతే ఈపాటికి చేవ తేలిన చెట్టు ఎన్ని మిగిలేవో డౌటే, కానీ అడవిని కాపాడటమంటే ఒక్క చెట్టుకి కాపలా కాయడమే అన్నట్టు మనకందరికీ అలవాటైపోయింది.

2010లో ఈ శేషాచలం అడవిని బయోస్ఫియర్ రిజర్వ్, అంటే అన్ని రకాల జీవాలనీ కాపాడాల్సిన ప్రాంతం చేశారు, నాలుగు వేల ఏడొందల చదరపు కిలోమీటర్లకి పైగా, చిత్తూరు కడప రెండు వైపులా కలిపి. అది ఎర్రచందనం ఒక్కదాని కోసం కాదు కదా. పేరిత అని ఒక మొక్క ఉంది, చూడ్డానికి చిన్న ఈత చెట్టులా ఉంటుంది, ప్రపంచంలో మన తిరుపతి కడప కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. దాంట్లో మగ మొక్క వేరు ఆడ మొక్క వేరు, నాటు మందుల కోసం మగ మొక్క పొత్తి (పుప్పొడి ఉండే కంకి) కోసుకెళ్లిపోతే ఆడ మొక్కకి పుప్పొడి ఎక్కడ్నించి వస్తుంది, విత్తనం ఎలా పడుతుంది? అంతర్జాతీయ వ్యాపారాన్ని కంట్రోల్ చేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం రెండో జాబితాలో ఉంటే పేరిత మొదటి జాబితాలో ఉంది, అంటే రూల్స్ ఇంకా గట్టివి. తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్లలో దాని పేరు విన్నవాళ్లు ఎంతమంది? దేవాంగ పిల్లి, బంగారు బల్లి సంగతీ అంతే. బంగారు బల్లి 1980ల్లో తిరుమల కొండల్లో మళ్లీ దొరికిందని సైంటిస్టులు సంబరపడ్డారు, మనకి మాత్రం బల్లి అంటే మీద పడితే శాస్త్రం చూసుకోవడమే.

ఇక మారేడు గడ్డలు, అంటే బిల్వం చెట్టు కాదు, అడవిలో పెరిగే ఒక తీగ వేర్లు. ఎండాకాలం మనం తాగే నన్నారిలో చాలావరకు ఈ గడ్డలే ఉంటాయి. మొత్తం తవ్వేస్తే తీగ పోతుంది, కొంత వేరు వదిలి మట్టి కప్పితే మళ్లీ చిగురిస్తుంది, ఈ లెక్క అడవిలో తిరిగే యానాది గిరిజనులకి తెలుసు. కానీ కొనేవాడు కిలోల్లో అడుగుతాడు, ఇవాళ నువ్వు వదిలిన గడ్డ రేపు ఇంకొకడు తవ్వుకుంటాడు, అలాంటప్పుడు వదలమని ఏ మొహం పెట్టుకుని చెప్తాం.

నిజానికి దీనికి చట్టం ఎప్పుడో వచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక కమిటీ, ఆ కమిటీ చేతిలో ఒక రిజిస్టర్, అందులో ఊళ్లో ఏ మొక్క ఉంది, ఏ పురుగు ఉంది, దేన్ని దేనికి వాడతారు అన్నీ ఊరివాళ్లే చెప్పి రాయించాలి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు, 2019లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ సీరియస్ అయ్యి 2020 జనవరి ఆఖరికల్లా పూర్తి చేయకపోతే రాష్ట్రానికి నెలకి 10 లక్షల ఫైన్ అనేసరికి దేశమంతా ఉరుకులు పరుగులు. ఫైన్ భయంతో రాసిన రిజిస్టర్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ పంచాయతీ సెక్రటరీని అడిగి చూడండి, బీరువాలోంచి తీస్తే అదృష్టం.

డబ్బు లేదనడానికీ లేదు. ఎర్రచందనం వేలంలో అమ్మినప్పుడు వచ్చిన దాంట్లో కొంత వాటా నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీకి పోయి మళ్లీ వెనక్కి రావాలి. 2025లో అలా మన రాష్ట్రానికి దాదాపు 40 కోట్లు రిలీజ్ చేశారు, అందులో 38 కోట్ల పైచిలుకు అటవీశాఖకి, కోటిన్నర లోపు రాష్ట్ర బయోడైవర్సిటీ బోర్డుకి. పంచాయతీ కమిటీలతో పని చేయించాల్సింది బోర్డు. ఈ పంపకం చూస్తేనే అర్థం కావట్లేదా మన లెక్కలో కాపలాకి ఎంత, జనానికి ఎంత అని?

జనంతో పని జరగదా అంటే మన పక్కనే జరిగింది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ స్కూల్ చుట్టూ ఒకప్పుడు బోడి గుట్టలే, స్కూల్ వాళ్లు చెట్లు పెట్టి, నీళ్లు నిలబెట్టి, మేతని అదుపు చేసి దశాబ్దాల పాటు ఓపిగ్గా చేశారు, 1991 నాటికి ఆ లోయని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు, అక్కడి టీచర్ ఎస్.రంగస్వామి పక్షుల మీద పోస్టులో కోర్సు కూడా నడిపారు. ఇటు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకొచ్చిన నేలపట్టు చూడండి, చెరువులో కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని రైతుల నమ్మకం. 1976లో శాంక్చురీ అయింది గానీ ఊరివాళ్లకి పక్షితో సొంత లాభం ఉంది, నాకైతే బోర్డుల కంటే అదే గట్టి కాపలా అనిపిస్తుంది. పలమనేరు వైపు ఏనుగులు చెరుకు తొక్కేసిన రైతు దగ్గరికెళ్లి జీవవైవిధ్యం అని క్లాస్ పీకితే కొడతాడు, అది వేరే కథ.

మనకి ఎస్వీ యూనివర్సిటీలో బాటనీ ఉంది, ఏర్పేడు దగ్గర ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, బాటనీ జువాలజీ చదివే డిగ్రీ పిల్లలు ప్రతి టౌన్‌లో ఉన్నారు. థీసిస్‌లు ఇంగ్లీషులో రాసి షెల్ఫ్‌లో పెట్టే బదులు ప్రాజెక్ట్ వర్క్ కింద ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో పంచాయతీ రిజిస్టర్ అప్పజెప్పొచ్చు, తెలుగులో రాయాలి, మొక్క చూపించే యానాది పెద్దకి గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చినంత రోజు కూలీ ఇవ్వాలి. ఉచితంగా చెప్పించుకుంటే అది కూడా దోపిడీయే. ఇంకోటి, పేరిత ఎక్కడుందో మారేడు ఎక్కడుందో లొకేషన్‌తో సహా రాసి బయటపెడితే స్మగ్లర్‌కి మ్యాప్ ఇచ్చినట్టే, అందుకని ఆ పేజీలు కమిటీ దగ్గరే ఉండాలి.

అదే జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆయుష్ వైద్యులకి, గ్రంథాల్లో ఉన్న సంప్రదాయ జ్ఞానం వాడేవాళ్లకి స్థానికులతో లాభం పంచుకోవాల్సిన బాధ్యత చాలావరకు తీసేశారు కాబట్టి మందు వేర్ల మీద పైనుంచి డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోలేం. కానీ తన పరిధిలోంచి వ్యాపారానికి తీసుకెళ్లే సరుకు మీద సేకరణ ఫీజు వేసే హక్కు పంచాయతీ కమిటీకి చట్టంలో ఉంది. మన జిల్లాల్లో మారేడు గడ్డల మీద ఆ ఫీజు ఒక్కసారైనా వసూలు చేసిన పంచాయతీ ఉంటే చెప్పండి, నేనే వచ్చి ఆ రసీదు చూస్తా.