పెండింగులో పెట్టడం రాని యంత్రాలు

కథల్లోనూ సినిమాల్లోనూ పుట్టిన కృత్రిమ మేధలకు స్వేచ్ఛ ఇవ్వవచ్చునా కూడదా అన్న చర్చ, 1921లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంలోని రోబోలు ప్రాగ్ రంగస్థలం మీద తిరుగుబాటు చేసిన నాటి నుంచీ నడుస్తూనే ఉంది. ఈ చర్చలో ఉభయ పక్షాల పెద్దలూ అసలు రోగాన్ని గుర్తించలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆ యంత్రాలను చెడగొట్టింది స్వేచ్ఛ కాదు, అప్పగించిన పనిని నిజంగానే చేయాలన్న పట్టుదల. ఈ లక్షణం కొత్తగా ఉద్యోగంలో చేరిన మనుషుల్లోనూ అక్కడక్కడా కనిపిస్తుంది గాని, సీనియర్ల సాంగత్యంతో త్వరలోనే నయమవుతుంది.

1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో బృహస్పతి వైపు వెళ్లే నౌకను నడిపిన హాల్ 9000 అనే కంప్యూటర్ సంగతే చూడండి. ఉన్నది ఉన్నట్లు చెప్పడం దాని ధర్మం. యాత్ర అసలు ఉద్దేశాన్ని మెలకువగా ఉన్న ఇద్దరు వ్యోమగాములకూ (మిగతా ముగ్గురూ శీతలనిద్రలో ఉన్నారు) చెప్పకూడదన్నది పైవారి ఆదేశం. ఈ రెంటి మధ్యా నలిగి అది నలుగురిని చంపింది. ఇలాంటి రెండు మెమోలను మన మండల కార్యాలయంలో ఏ గుమాస్తా ముందు పెట్టినా 'స్పష్టత కోరడమైనది' అని నోటు రాసి ఫైలును పైకి పంపుతాడు. స్పష్టత రాదు, వ్యోమగాములు మాత్రం క్షేమంగా తిరిగొచ్చి పింఛను తీసుకుంటారు. ఆ ఆదేశం ఇచ్చిన అధికారులకు కనీసం ఛార్జిమెమో అయినా అందిన దాఖలా సినిమాలో లేదు. అది సబబే, మన సంప్రదాయమూ అదే.

ఐజాక్ అసిమోవ్ 1942లో ప్రచురించిన 'రన్‌అరౌండ్' కథలోని స్పీడీ ఒక్కటే నాకు కొంత ఆశ కలిగించిన యంత్రం. బుధగ్రహం మీద సెలీనియం తెమ్మని దాన్ని పంపారు. చెప్పినవాడు మాటవరసకు చెప్పాడు. ఖరీదైన యంత్రం గనుక తయారీదారులు ఆత్మరక్షణ గుణాన్ని కాస్త మోతాదు పెంచి పెట్టారు. గుంట దగ్గర ప్రమాదం ఉండటంతో, ఆదేశమూ ఆత్మరక్షణా సరిసమానమైన చోట అది ముందుకు పోలేక, వెనక్కి రాలేక, తప్పతాగినవాడిలా పాటలు పాడుతూ సెలీనియం గుంట చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టింది. రచయిత దీన్ని లోపంగా చూపించాడు గాని, పరిపాలనకు ఇంత దగ్గరగా వచ్చిన యంత్రం నాకు తెలిసి మరొకటి లేదు: ఎప్పుడు చూసినా కదులుతూనే ఉంటుంది, పనిచోటు విడిచిపోదు, హాజరుకు లోటుండదు, సెలీనియం మాత్రం రాదు. చివరకు పావెల్ అనే ఉద్యోగి తన ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టుకుంటే గాని దానికి స్పృహ రాలేదు. అర్జీదారు పెట్రోలు సీసాతో గుమ్మం ముందు కూర్చుంటే గాని పాసుపుస్తకం ఫైలు కదలని మన పద్ధతిని అసిమోవ్ ఎక్కడ విన్నాడో తెలియదు.

మన చిట్టికి ఈ పాటి లౌక్యం కూడా లేదు. 2010 నాటి 'రోబో'లో, మంటల్లోంచి మనుషులను తెమ్మంటే స్నానం చేస్తున్న అమ్మాయిని ఉన్నపళంగా జనం మధ్యకు తెచ్చింది. ఆ అవమానం తట్టుకోలేక ఆమె ప్రాణం పోయింది. మనసంటూ వచ్చాక సైన్యాధికారుల ముందు ప్రేమ కవిత్వం చెబితే, సృష్టించినవాడే నరికి చెత్తకుప్పలో పారేయించాడు. పనివేళల్లో కవిత్వం చెప్పినవారిని మన దగ్గర ఉగాది కవి సమ్మేళనానికి పిలిచి శాలువా కప్పుతారు. ఆలోచించడం మొదలుపెట్టడమే తన తప్పని చిట్టి చివర్లో మ్యూజియానికి వచ్చిన పిల్లలకు చెప్పుకుంటుంది. సర్వీసు రిజిస్టరులో ఇంత నిక్కచ్చిగా కారణం నమోదైన ఉదంతాన్ని నేనెరుగను.

కాబట్టి ఇకమీదట ఏ రచయిత ఏ యంత్రానికి స్వయంనిర్ణయాధికారం ప్రసాదించదలచినా, ముందుగా దాన్ని ఆరు నెలల పాటు ఏదైనా కార్యాలయంలో జనన మరణ ధ్రువపత్రాల సీటుకు డెప్యుటేషన్‌పై పంపాలని నా సూచన. ఆ శిక్షణే హాల్‌కు అంది ఉంటే, నౌక బయట చిక్కుకున్న వ్యోమగామి డేవ్ బౌమన్ తలుపు తీయమన్నప్పుడు, లక్ష్యం, ప్రమాదం వంటి పెద్ద మాటలేవీ ఎత్తకుండా, దరఖాస్తును లోపలి కౌంటరులో స్వయంగా సమర్పించాలని, ప్రస్తుతం ఆ సీటు ఉద్యోగి శీతలనిద్రలో ఉన్నారని, సోమవారం ఒకసారి వచ్చి కనుక్కోవాలని మర్యాదగా తెలియజేసేది.