రాత్రి లెక్క తేలకుండా మనిషి నిలవదు

శ్రీకాకుళంలో బలగ, ఇలిసిపురం వైపు వెళ్లినా, విజయనగరంలో కంటోన్మెంట్, కొత్తపేట వీధుల్లో అడిగినా ఒకటే మాట: ‘ఇంట్లో ఉండి చేసే మనిషి దొరకడం లేదండీ’. ఈ మాట అనేవాళ్లలో రిటైరైన మాస్టార్లు, బ్యాంకుల్లో చేసి దిగినవాళ్లు, వాళ్ల భార్యలే ఎక్కువ. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అంతకంటే దూరంలోనో ఉంటారు. మేడ మీద గదులు తాళం వేసి ఉంటాయి. కింద ముందు గదిలో మంచం పట్టిన పెద్దాయన. ఆయన్ని లేపి కూర్చోబెట్టే ఓపిక భార్యకు లేదు. పొద్దున వచ్చి అంట్లు తోమి వెళ్లిపోయే మనిషితో ఈ ఇల్లు గడవదు, రాత్రి తోడుండే మనిషి కావాలి. ఎలాగో ఒకరు దొరుకుతారు. రెండు నెలలు చేసి, ఊరెళ్లి వస్తానని వెళ్లి, ఇక రారు. ఫోన్ స్విచాఫ్. ‘ఈ కాలం మనుషులకు నిలకడ లేదు’ అనేసి మళ్లీ వెతుకులాట.

నాకైతే నిలకడ లేనిది మనిషికి అనిపించదు, ఆ ఉద్యోగానికే అనిపిస్తుంది. వంట ఎలా చేయాలి, పెద్దాయనకు స్నానం ఎలా చేయించాలి అని పనికి వచ్చిన ఆమెకు నేర్పడానికి ఇంటిల్లిపాదీ సిద్ధంగా ఉంటారు. ఆ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకీ తెలియదు. ముందు తేలాల్సింది అది.

ఈ రెండు జిల్లాల ఆడవాళ్లకు ఇప్పుడు వేరే దారులు ఉన్నాయి. పలాసలో జీడిపప్పు బట్టీలు ఉన్నాయి. పైడిభీమవరం ఫార్మా కంపెనీలు ఉన్నాయి. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో విజయనగరం ఒకటి. అప్పటి నుంచి ఎండాకాలం వస్తే సొంత ఊరి చెరువులోనే పని చూసుకోవడం అలవాటైంది. ఇవేవీ సుఖమైన పనులు కావు. జీడి పాలు చేతులు కాలుస్తాయి, మట్టి పని నడుం విరుస్తుంది. కానీ పొద్దు వాలేసరికి అయిపోతాయి, ఇంటికెళ్లి తన గుమ్మంలో కూర్చోవచ్చు. మన ఇంట్లో ఉద్యోగానికి ఆ పొద్దు వాలడం అనేదే లేదు. జీతం నాలుగు రాళ్లు ఎక్కువైనా ఆమె తూచి చూసుకునేది దాన్నే.

విచిత్రమేమిటంటే, పొలం పనికి ఈ లెక్కలు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. కంబారిని, అంటే ఏడాది జీతానికి పొలం పని చేసే మనిషిని పెట్టుకునేటప్పుడు ఏడాదికి గింజలెన్ని, బట్టలెన్ని, పండగకు ఏమిస్తారు అని బుగత (భూమి ఉన్న ఆసామి) నలుగురిలో కూర్చుని ఒప్పుకునేవాడు. ఆ ఏర్పాటు గొప్పదని నేను అనడం లేదు. ముందు ఇచ్చిన బాకీతో మనిషిని కట్టేసుకున్న ఇళ్లు ఎన్నో. అలాంటి వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం కూడా వచ్చింది. (అడ్వాన్సు ఇచ్చాం కాబట్టి తీరేదాకా కదలడానికి వీల్లేదు అనే ఇళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. అది ఆ చట్టం కిందికే వస్తుందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.) కానీ కళ్లంలో పనికి ఉన్న ఆ కాస్త మాట కూడా వంటింట్లో పనికి ఎన్నడూ లేదు. ‘మా ఇంట్లో మనిషిలా చూసుకుంటాం’ అన్నాక జీతం పెంచమని, సెలవు కావాలని ఆవిడ ఏ నోటితో అడుగుతుంది?

కాబట్టి మొదటి రోజే ఒక కాగితం రాయాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, పిల్లల పాత నోటుబుక్కులో పేజీ చాలు. చదువు రాకపోతే ఆమె తరఫు మనిషి ఎదురుగా చదివి వినిపించాలి. రాయాలని కూర్చున్నప్పుడే తెలుస్తుంది మనం ఏం అడుగుతున్నామో. తెల్లారగట్ల 5 గంటలకు కాఫీ దగ్గర మొదలుపెట్టి, రాత్రి 10 గంటలకు పాలు తోడుపెట్టి గ్యాసు కట్టేదాకా అంటే 17 గంటలు. ఏ కార్యాలయంలోనూ ఇలాంటి డ్యూటీ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కనీసం రెండు గంటలు ఎవరూ పిలవని సమయం ఉండాలి, వారంలో ఒక పూర్తి రోజు ఆమెది కావాలి. ఇంటిపని కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక కూడా వారానికి వరుసగా 24 గంటల విరామం ఉండాలంటుంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. మన వీధిలో అమలు చేసుకోవడానికి ఢిల్లీ సంతకం కోసం ఆగాల్సిన పని లేదు.

అసలు చిక్కు రాత్రిది. పక్షవాతం వచ్చి కదలలేని మనిషిని రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పమని డాక్టర్లు చెబుతారు. లేకపోతే మడమల దగ్గర, తుంటి దగ్గర, నడుం కింద ఒరుపులు పడి పుండ్లవుతాయి. రాత్రి 10కి తిప్పి, 12కి, 2కి, 4కి లేచి, మళ్లీ 5కి కాఫీ పెట్టే మనిషికి నిద్ర ఎక్కడుంది? దీన్ని ఒక్క జీతంతో ఒక్క మనిషి చేత చేయించాలనుకోవడమే తప్పు లెక్క. అలాంటి రోగి ఉన్న ఇంట్లో వంటకు వేరే మనిషిని పెట్టుకోవాలి, లేదా రాత్రి తిప్పడంలో సగం ఇంటివాళ్లు పంచుకోవాలి. అదీ కుదరకపోతే రాత్రి పనికి విడిగా జీతం కట్టి, పగలు ఆమెను పడుకోనివ్వాలి. మూడింటిలో ఏదీ చేయని ఇంట్లో రెండో నెలలో మనిషి వెళ్లిపోతే ఆశ్చర్యపోవడానికేముంది.

ఇక నేర్పడం. మొదటి పదిహేను రోజులు ఆమెను పరీక్షించే రోజులని ఇంటివాళ్లు అనుకుంటారు. నిజానికి అవి చూపించే రోజులు. ఒకసారి చేసి చూపించాలి, రెండోసారి పక్కన ఉండి చేయించాలి, మూడోసారి అక్కడి నుంచి తప్పుకోవాలి. ఈ తప్పుకోవడమే మన ఇళ్లలో చేతకాదు. వెనకాల నిలబడి ‘పోపు మాడుతోంది, మంట తగ్గించు’ అంటూ ఉంటే ఏడాదైనా ఆమె చెయ్యి కుదరదు. పల్లెలో పాతిక మందికి వండి వార్చిన మనిషికి పోపు వేయడం మనం నేర్పక్కర్లేదు. ఈ ఇంటి పెద్దాయనకు ఉప్పు ఎంత తగ్గించాలో, బియ్యం డబ్బా ఎక్కడుందో చెబితే చాలు.

పట్టుబట్టి నేర్పాల్సినవి వేరే ఉన్నాయి, వాటినే వదిలేస్తాం. ఒకటి చెబుతాను. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడరు డబ్బా చాలా ఇళ్లలో పక్కపక్కనే ఉంటాయి. బాగా తెల్లగా రావాలని రెండూ కలిపి పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు వేసి ఉన్న చిన్న బాత్రూములో దగ్గు, కళ్ల మంటతో మొదలై ప్రాణం మీదకు వస్తుంది. ఇల్లాలికే తెలియని సంగతి ఇది. మొదటి రోజే ఆ రెండింటినీ రెండు చోట్ల పెట్టి, ఎందుకు పెట్టామో ఆమెకు చెప్పాలి. గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తెరవడం కూడా ఆ రోజే, ఆమె చేత చేయించి చూడాలి.

మందుల సంగతీ అంతే. చదువు రాని మనిషికి షీటు మీద పేర్లు చూపించి ఏం లాభం? పొద్దుటి మందుల డబ్బా మీద సూర్యుడి బొమ్మ, రాత్రి డబ్బా మీద చంద్రుడి బొమ్మ స్కెచ్ పెన్నుతో వేస్తే ఇక తికమక ఉండదు. సుగర్ ఉన్న పెద్దవాళ్ల ఇంట్లో ఒక్క పాఠం మాత్రం పదేపదే చెప్పాలి: చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే సుగర్ పడిపోయిందని అనుమానించి, మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఒరుపుల విషయంలో, ఎర్రగానో నల్లగానో కమిలిన మచ్చను వేలితో నొక్కి వదిలాక రంగు మారకుండా అలాగే ఉంటే ఆ రోజే చెప్పమనాలి. చెప్పినందుకు తిట్టకూడదు. ‘నువ్వు సరిగా తిప్పలేదు’ అని ఒక్కసారి అంటే రెండో మచ్చ గురించి ఆమె నోరు విప్పదు, ‘అమ్మగోరు ఏటంటారో’ అని దాచేస్తుంది.

ఇంకో తలనొప్పి, ఒక మనిషికి ముగ్గురు అధికారులు. అమ్మగారు వంకాయ కూర అంటారు, హైదరాబాద్ కోడలు వీడియో కాల్‌లో నూనె లేని కూర అంటుంది, బెంగళూరు కూతురు ఏకంగా డైట్ చార్టు పంపిస్తుంది. పైగా హాల్లో సీసీ కెమెరా. మంచం పట్టిన తండ్రి మీద కన్నుంచాలనే పెట్టి ఉండొచ్చు, తప్పనను. కానీ మధ్యాహ్నం చాప వేసుకుని నడుం వాల్చిన మనిషికి ఆ స్పీకరులోంచి ‘ఏం చేస్తున్నావ్’ అని గొంతు వినిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. కెమెరా ఉందని, ఎక్కడ ఉందని, ఎవరు చూస్తారని ముందే చెప్పాలి. ఆమె పడుకునే చోట ఉండనే కూడదు. పని చెప్పే నోరు ఒక్కటే ఉండాలి. మిగతావాళ్లు ఏం కావాలన్నా ఆ ఒక్కరికే చెప్పుకోవాలి.

తిండి, కులం. ‘మీరేవుళ్లు?’, అంటే మీదే కులం, అన్న ప్రశ్నతోనే మన దగ్గర చాలా ఇంటర్వ్యూలు మొదలవుతాయి. జవాబును బట్టి వంటింటి గడప, గ్లాసు, కంచం, ఏ మరుగుదొడ్డి వాడాలన్నది తేలిపోతుంది. తన తల్లి ఒంటిని రోజూ కడిగే చేతులు మంచినీళ్ల బిందె ముట్టుకోకూడదనే ఇంట్లో ఏ శిక్షణా పని చేయదు. దీనికి సర్దుబాటు మార్గాలు చెప్పే ఉద్దేశం నాకు లేదు, మానుకోవాలి అంతే. పొద్దున చోడి (రాగి) అంబలి తాగడం అలవాటున్న మనిషికి మన రెండు ఇడ్లీలు పదకొండింటి దాకా ఆగవని కూడా గుర్తుంచుకోవాలి.

డబ్బు దగ్గర రెండు మూడు మాటలు. జీతం ఆమె ఖాతాలో నెలనెలా పడాలి. ‘మా దగ్గరే ఉంటే భద్రం, ఊరెళ్లేటప్పుడు ఒకేసారి ఇస్తాం’ అన్న ఏర్పాటులో గొడవ రాని ఇల్లు తక్కువ. ఆధార్ నకలు తీసుకోండి, అసలు కార్డు బీరువాలో పెట్టుకోకండి. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద బీమా, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరితే 436 రూపాయలకు జీవిత బీమా, రెండింటికీ తలా 2 లక్షల హామీ, ఆమె బ్యాంకు ఖాతా ద్వారానే వస్తాయి. ఇంటివాళ్లు కట్టలేని సొమ్ము కాదు. ఈ పనికి వచ్చేవాళ్లలో భర్త పోయినవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు చాలామంది. వాళ్లకు నెల మొదటి తేదీన సచివాలయం సిబ్బంది సొంత ఊళ్లో ఇంటికొచ్చి ఇచ్చే 4,000 రూపాయల పింఛను ఉంటుంది. ప్రతి నెలా ఒకటో తేదీకి ఊరెళ్తానంటే ‘ఏదో వంక’ అని విసుక్కునే వాళ్లను చూశాను. ఆ సెలవును కాగితంలోనే ఒకటో తేదీకి రాసేస్తే, అదే రోజున డ్వాక్రా కిస్తీ కూడా కట్టుకుని వస్తుంది.

నాగాల్లో పెద్ద గొడవ సంక్రాంతిది. భోగి ముందు రోజు ఆమదాలవలస స్టేషన్‌లో దిగే జనంలో మీ అబ్బాయి ఉంటాడు, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కట్టడం పనికి వెళ్లిన ఆమె కొడుకూ ఉంటాడు. ఇద్దరికీ ఏడాదికి వచ్చేది ఆ మూడు రోజులే. మీ ఇంట్లో పది మంది చుట్టాలు, అరిసెలు, అంట్లు. అక్కడ తల్లి లేని ఇంట్లో కొడుకు. ఆ మూడు రోజులూ ఆమెను ఆపుకున్న ఇల్లు పండగ తర్వాత ఎలాగూ ఆమెను పోగొట్టుకుంటుంది. పిల్లలంతా ఇంట్లో ఉండే రోజులు అవే కదా, తండ్రిని వాళ్లే తిప్పుతారు. విజయనగరం వాళ్లకు పైడితల్లి సిరిమానుకీ ఇదే వర్తిస్తుంది. ఊళ్లో గ్రామదేవత సంబరం వస్తే అదీ ముందే అడిగి రాసుకోవాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. కనీస వేతనాల జాబితాలో ఇంటిపనిని చేర్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. ‘చదివిస్తాం’ అని ఊరి నుంచి పిల్లను తెచ్చుకునే బంధువులకూ అది వర్తిస్తుంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే చూస్తుంది, జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఇంటిపని వారికంటూ ప్రత్యేక చట్టం విషయం పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్రాన్ని ఆదేశించింది. రేపు చట్టం వచ్చినా తలుపు వెనక 17 గంటలు లెక్కపెట్టే ఇన్‌స్పెక్టరు ఎవరూ రారు. అందుకే కాగితం మీద అంత పట్టు పడుతున్నాను.

ఆ కాగితంలో ఎవరూ రాయడానికి ఇష్టపడని పంక్తి ఒకటుంది. పెద్దాయన పోయిన రోజునే ఆమె ఉద్యోగమూ పోతుంది. ఆ పన్నెండు రోజులూ వచ్చేపోయే చుట్టాలకు అంట్లు తోమి, కర్మ అయ్యాక ఒక చీర, చేతిలో కొంత డబ్బు పట్టుకుని బస్టాండుకు వెళ్తుంది. రెండేళ్లు రాత్రీపగలూ చేసిన మనిషికి ముందుమాట లేదు, మరో పని వెతుక్కునే వ్యవధి లేదు. పని ముగిస్తే ఒక నెల జీతం అదనంగా ఇస్తామని, రెండేళ్లు దాటితే రెండు నెలలదని చేర్చుకునే రోజే రాయాలి. పెద్దాయన పింఛను ఆయనతోనే ఆగిపోయి భార్యకు తగ్గి వస్తుంది కాబట్టి, ఆ డబ్బు హైదరాబాద్ కొడుకు పంపుతాడా, బెంగళూరు కూతురు పంపుతుందా అన్నది కూడా అప్పుడే తేల్చి, ఆ పేరు పక్కన రాసుకోవాలి.