నిమ్మ ఉప్పు గారికి, కడుపు పట్టుకుని రాస్తున్న ఉత్తరం

గౌరవనీయులైన నిమ్మ ఉప్పు (అదే, సిట్రిక్ యాసిడ్) గారికి,

నిన్న మధ్యాహ్నం మూడు గంటలు గ్యాస్ట్రో డాక్టర్ గారి గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. లోపల నాలుగు నిమిషాలు. "పులుపు, ప్యాకెట్ తిండి మానేయండి." అంతే. ఇంటికొచ్చి వంటింటి అలమర అంతా దులిపితే జామ్‌లో మీరు, సాస్‌లో మీరు, పిల్లాడి జెల్లీ బిళ్లల్లో మీరు, ఆఖరికి రెడీమేడ్ అల్లం వెల్లుల్లి పేస్టులోనూ మీరే!

ఉంటే ఉన్నారు, మీ పేరే నాకు మింగుడు పడటం లేదండీ. నిమ్మా లేదు, ఉప్పూ కాదు. 1784లో షీలే అనే స్వీడన్ ఆయన నిమ్మరసం నుంచి తీసినప్పుడు సరే. 1917లో అమెరికాలో జేమ్స్ కర్రీ గారు నల్ల బూజుకి పంచదార మేపి మిమ్మల్ని బోలెడంత తీయొచ్చని చూపించాక కూడా నిమ్మేనా? ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ నైగర్. ఉల్లిపాయ మీద మసిలా పట్టేది అదే, మా ఆవిడ అలాంటి ఉల్లిపాయని రెండు పొరలు ఒలిచి, కడిగి, అప్పటికీ అనుమానంగా చూస్తుంది. మీరేమో సీసా మీద పచ్చటి నిమ్మచెక్క బొమ్మ వేయించుకుని దర్జాగా వంటింట్లోకి వచ్చేశారు. పైగా లేబుల్ మీద ఇంకో పేరు, "ఎసిడిటీ రెగ్యులేటర్ 330". ఎవరి ఎసిడిటీ? సాస్‌దా? మరి నాది? రాత్రి రెండింటికి గొంతులోకి ఎగదన్నేదాన్ని ఎవడు రెగ్యులేట్ చేస్తాడు, నువ్వా?

పోనీ కడుపారా తిడదామంటే అదీ కుదరనివ్వవు. మా బావ ఫ్యామిలీ గ్రూపులో "విషం! వెంటనే షేర్ చేయండి" అని పెట్టాడు. వెతికి చూస్తే 2018లో టాక్సికాలజీ రిపోర్ట్స్ అనే సైన్సు పత్రికలో వచ్చిన పేపరు దొరికింది. నిన్ను తిన్నాక కడుపునొప్పి, కీళ్ల నొప్పులు, వాపులు వచ్చాయన్న మనుషుల కథ. బూజు తాలూకు ముక్కలేవో నీలో మిగిలి ఒంట్లో మంట రేపుతున్నాయేమోనని వాళ్ల అనుమానం. అనుమానమే. ఎంతమంది కథ? నలుగురు. మా ఇంట్లో పెళ్లిచూపులకే పదిమంది వెళ్తారు! నలుగురిని చూసి నిన్ను ఉరి తీయలేను, వదిలేయనూ లేను.

ఇంకో సంగతి. డాక్టర్ గారి దగ్గర మూత్రం మంట కూడా ఉందని నోరు జారాను. పులుపు మానేయమన్న ఆ చీటీలోనే ఒక సిరప్ రాశారు. సీసా తిప్పి చూస్తే డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్. మీ ఇంటివాడే! నీళ్లలో కలుపుకుని రోజుకి మూడుసార్లట.

తాగాను. చల్లగా, పుల్లగా, ఛీ, బాగానే ఉంది.

ఇట్లు,
టోకెన్ నంబరు 41